ఒంటరి పాటగాడు – ఊకొట్టు ఊరు



ఈ సాయంకాలము నేను చెప్పబూనినది శాస్త్రవిషయము కాదు. భుజమున నొక తీగవాద్యము వేసికొని, వెంట మద్దెల లేక, తాళము లేక, వంతపాడువాడు లేక, ఊరూర నొక్కడే పోయి పాడు మనుష్యుని సంగతి. సభలలో పాడు విద్వాంసులను గురించి గ్రంథములు కలవు. హరికథకులను గురించియు, నాటకములవారిని గురించియు పత్రికలు వ్రాయుచునే యున్నవి. హరికథకుడు కథ యొక్కడే చెప్పినను వాని వెనుక మద్దెలయు ఫిడేలును ఉండును. నేను చెప్పు పాటగాని వెనుక గోడ మాత్రమే యుండును. ఒక్కొక్కప్పుడు గోడయు నుండదు, గొడ్లకొట్టము ఉండును.

ఈ మాట చెప్పుటకు నాకు గల అర్హత స్వల్పము. నేను వృత్తిచేత గాయకుడను కాను; బడిపంతులను. బాల్యమున ఇంటియొద్ద అమరమును, శబ్దమంజరిని వల్లించి, పిదప ప్రాచ్యకళాశాలలో చదివి, జహీరాబాదు చుట్టుపట్ల బడులలో తెలుగు చెప్పి విశ్రాంతి పొందితిని. మా పెదతండ్రిగారి ఏక్‌తారి యొకటి నాకు వారసత్వముగా వచ్చెను. పొలము మా అన్నగారికి పోయి వాద్యము నాకు వచ్చినదని మా ఇంటిలో నేటికిని నవ్వుకొందురు. ఆ వాద్యముతోడ 30 ఏండ్లకు పైగా శనివారపు రాత్రులందును, జాతరలందును, చావు దినములందును ఈ ప్రాంతపు పల్లెలలో తత్త్వములు పాడితిని. ఆ అనుభవమే నేటి నా పెట్టుబడి.

ఏక్‌తారి యనగా నొంటితీగ. ముదిరిన సొరకాయను ఎండబెట్టి, గింజలు రాల్చి, నోరు కోసి, మేకపిల్ల చర్మము బిగింతురు. ఆ బుఱ్ఱలో వెదురుకఱ్ఱ దూర్చి ఉక్కుతీగ లాగి కట్టుదురు. దానికి మెట్లు లేవు, స్వరస్థానములు లేవు. పాడువాని గొంతునకు షడ్జమొక్కటి నిలుపుటయే దాని పని. పుష్యమాసపు రాత్రులందు మంచు కురిసి చర్మము సడలును, శ్రుతి దిగిపోవును. అప్పుడు పాట నాపి జొన్నచొప్ప మంటకు బుఱ్ఱను చూపవలెను. మంటకు మఱీ దగ్గఱగా పెట్టినచో చర్మము చిట్లును. అట్లు నేను రెండు చర్మములు పోగొట్టుకొంటిని. ఆ విరామమున జనులు లేచిపోవుదురేమో యని తొలిదినములలో వెఱచెడివాడను. వారు లేచిపోరు. బీడీ వెలిగించుటకును, కోడలిపై ఫిర్యాదు చెప్పుకొనుటకును, ఇంతకుముందు పాటలో విన్న మాట నిజమా కాదా యని తర్కించుకొనుటకును అదియే వారికి తగిన వేళ.

ఇక నా తొలి కచేరి. అది 1986వ సంవత్సరము. న్యాల్కల్ వైపు ఒక చిన్న పల్లె. జొన్నకోతలు ముగిసి ఊరివారు తీరికగా నున్న ఫాల్గుణమాసము. కొత్తగా వచ్చిన తెలుగు పంతులు పాడునట యని గుడియరుగు ముందర ఊరు ఊరంతయు కూడెను. నాకు వయసు 25. చదువు తలకెక్కి యున్న దినములు. సమాసభూయిష్టములైన పద్యములను ఏరుకొని, ఒక్కొక్కదానిని పావుగంట రాగము సాగదీసి, ఊపిరి తిప్పుకొనక పాడితిని. నా పాట నాకే ఎంతో బాగుండెను. కన్నులు మూసికొని పాడుచుంటిని గనుక జనుల స్థితి తెలియలేదు. తెఱచి చూచునప్పటికి పిల్లలు నిద్రించుచుండిరి. పెద్దలలోను పలువురు నిద్రించుచుండిరి. స్త్రీలు వెళ్లిపోయిరి. మొదటివరుసలో 55 ఏండ్ల వయసుగల యొక రైతు మాత్రము మోకాళ్లపై గడ్డమాని మేలుకొని యుండెను. నేను వాద్యమును సంచిలో పెట్టుకొనుచుండగా దగ్గఱకు వచ్చి మెల్లగా నిట్లనెను:

"పంతులూ, నీ పాట మంచిగనే ఉన్నది గని, మేము నడుమ సొచ్చేటందుకు సందు లేదు."

నా గురువులు నా పాఠములో చూపిన తప్పులు చాల కలవు. ఏ తప్పును నాకింత సూటిగా తాకలేదు. మఱునాటి యుదయమున ఆ పెద్దయ్య ఇంటికి పోయితిని. ఆయన ఎడ్లకు కుడితి పెట్టుచుండెను. "పెద్దయ్యా, సందు ఎట్లు పెట్టవలెనో చెప్పు" మంటిని. "నేనేమి చెప్పుదును? నువ్వొక్క ముక్క పాడి ఊకుండు" అనెను. నేనొక చరణము పాడి ఊరకుంటిని. తీగ మాత్రము మ్రోగుచుండెను. ఆయన ఎడ్లవైపు చూచుచునే "ఊఁ" అనెను. తరువాతి చరణము పాడితిని. మరల "ఊఁ" అనెను. ఈ మారు స్వరము కొంత పైకి పోయెను. దాని యర్థము నాకు స్పష్టముగా తెలిసెను: ఈ మాట నేను నమ్మను, ముందేమి చెప్పుదువో చూతును. మూడవ చరణమున నేను కొంచెము తొందరపడితిని. ఆయన పలుకలేదు. పలుకకపోవుటయు నొక జవాబే యని అప్పుడు గ్రహించితిని.

పెద్దలారా, పాణినిమహర్షి అచ్చులకు హ్రస్వదీర్ఘప్లుతములను మూడు కాలములు చెప్పుటకు ఉదాహరణముగా ఉకారమునే గ్రహించినాడు. కోడికూతలో ఆ మూడు కాలములును వరుసగా వినవచ్చుననియు, అందుచేతనే ఉకారము నెన్నుకొనెననియు పెద్దలు సమన్వయము చెప్పుదురు. నేను దానిని బాలురకు ఎన్నియో మారులు చెప్పితిని గాని, ఉకారమునకు గల మూడు కాలములను నిజముగా నేర్చుకొన్నది మాత్రము ఆ పెద్దయ్య ఎడ్లకొట్టమున. పొట్టి "ఉ" అనినచో సరే కానిమ్మని. దీర్ఘముగా "ఊ" అనినచో మనసు లగ్నమైనదని. చాలదూరము సాగినచో కన్నీరు దగ్గఱకు వచ్చినదని. కోడి సంగతి వ్యాఖ్యాతలకే విడుచుచున్నాను.

అప్పటినుండి నా పాట మాఱెను. పద్యములు తగ్గించి తత్త్వములు పెంచితిని. ప్రతి చరణము చివరను తీగ నాలుగు మీటులు మీటునంత సందు విడిచితిని. ఆ సందులో ఊరు ప్రవేశించెను. ఒకచోట ముసలమ్మ పల్లవి నందుకొనెను. ఒకచోట కుమ్మరి తన కుండపై దరువు వేసెను. మఱియొకచోట ఒకడు లేచి, "అట్లు కాదు పంతులూ, మా తాత ఇట్లు పాడును" అని నా పాటను దిద్దెను. ఆతడు దిద్దినదే మేలుగ నుండెను. నేను ఒంటరిగా పాడుచున్నాననుకొన్నది భ్రమ. పాడువాడొక్కడు, వంతపాట ఊరిది.

ఇది మన యొక్క దేశపు టాచారము మాత్రమే కాదు. పడమటి ఆఫ్రికాలో మాలి దేశమునను, దాని చుట్టుపట్లను వంశచరిత్రలు పాడు గాయకజాతి యొకటి కలదు. సుంజాత యను పూర్వపు రాజు కథను వారు గంటలతరబడి పాడుదురు. అట్లు పాడునపుడు ప్రక్కన నొక్కడు కూర్చుండి పాదపాదమునకును "నాము" అని పలుకుచుండును. అవునని దాని భావము. ఆ పనిని చేయుటకు వేఱుగా మనిషియే యుండునట. అచ్చటి ఊకొట్టువానికి పాటకునితో పాటు స్థానము కలదన్నమాట. మన బుఱ్ఱకథలో వంతవారి "తందాన" యు నిట్టిదే. ఏక్‌తారి వానికి మాత్రము జీతమిచ్చి పెట్టుకొన్న వంతవాడు లేడు గనుక, ఊరే యా పని చేయవలెను.

జహీరాబాదు సీమలో ఈ ఊకొట్టుట మఱింత వింతగా నుండును. ఇది హైదరాబాదు నుండి బొంబాయికి పోవు రాజమార్గముమీది ఊరు. ఒకప్రక్క బీదరు 30 కిలోమీటర్ల దూరమున నున్నది. తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ నాలుగు భాషలు సంతలో నొక్కచోట వినవచ్చును. ఝరాసంగములో కేతకీ సంగమేశ్వరుడు వెలసియున్నాడు. అన్యత్ర శివపూజకు నిషిద్ధమైన మొగలిపూవు ఇచ్చట స్వామికి ప్రీతి యని ప్రసిద్ధి. శివరాత్రికి మూడు రాష్ట్రముల జనము వచ్చును. అచ్చట ధర్మశాల వసారాలో నేను పాడినపుడు తెలుగువాడు "ఊఁ" అనును, కన్నడిగుడు "హౌదు" అనును, మరాఠీవాడు "హో" అనును. పాట తెలుగే. అర్థము ఎందఱికి తెలిసెనో చెప్పజాలను. కాని ఎవ్వరును తప్పుచోట పలుకలేదు. ఒకనాడు ఒక టాంగావాడు, ముసల్మాను, గుఱ్ఱమునకు గడ్డివేయుచు దూరమునుండియే "హాఁ మాస్టర్‌సాబ్" అని నా చరణమునకు ముగింపు పెట్టినాడు.

రాజమార్గమున ఇంకను పడమటికి పోయినచో, హుమ్నాబాదు దాటిన పిమ్మట, బసవకల్యాణము వచ్చును. అదియే 12వ శతాబ్దమున బసవేశ్వరుడున్న కల్యాణకటకము. అక్కడ కిన్నర బ్రహ్మయ్య యను భక్తుడొకడుండెను. కన్నడిగులు కిన్నరి బొమ్మయ్య యందురు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున ఆయన కథ చెప్పినాడు. ఆయన శివుని యెదుట నొక్కడే కిన్నెర వాయించుచుండగా, స్వామి దినదినమును బంగారమిచ్చెడివాడట. ఆ బంగారముతో ఆయన జంగమార్చన చేసెడివాడు. ఒంటరి పాటగాండ్ర చరిత్రలో ఇంత తప్పక వేతనమిచ్చిన దాత మఱియొకడు కానరాడు. ఆయనకొక ఆపద వచ్చి రాజసమక్షమున సాక్ష్యము కావలసినపుడు, బ్రహ్మయ్య పిలువగా దేవుడు బదులు పలికెనని కథ. చిన్నతనమున ఈ కథ చదువునపుడు నా దృష్టి బంగారముమీదనే యుండెను. ఇప్పుడు నా దృష్టి ఆ బదులు పలుకుట మీద నున్నది. దినదినమును వినుచున్న శ్రోత గనుక పిలిచినపుడు పలికినాడు.

ఆ కిన్నెర మన తెలంగాణమున నేటికిని జీవించియున్నది. ఎట్లు జీవించియున్నదో చెప్పెదను. ఎండిన ఆనపబుఱ్ఱలు, వెదురుకఱ్ఱ, తేనెమైనము, దానిపై మెట్లు, తీగలు. అలంకారమునకు అద్దములు, పూసలు, నెమలియీకలు. దీనిని వాయించువారిలో డక్కలివారు ముఖ్యులు. వారు మాదిగవారి కాశ్రితులు, జాంబపురాణము చెప్పువారు. వారికి కొన్ని ఊళ్లు మిరాసిగా నేర్పడి యుండెడివి. తమ ఊళ్లకు తాము పోయి, తమ దాతల యెదుట పాడి, తమకు రావలసిన త్యాగము గైకొనుట ఆచారము. ఆ ఆచారమున పాటగాని పేదఱికమును కలదు, అవమానమును కలదు. దానిని నేను వేనోళ్ల పొగడబోను. మనిషిని మనిషికి కట్టివేసిన వ్యవస్థలో భాగమది. అయినను అందొక గుణము మాత్రముండెను. పాడువానికి రేపు ఏ ఊరు, అచ్చట తన పాటకు ఊకొట్టువారెవ్వరు అను విషయమున సందేహము లేకుండెను. కట్టు తెగినది, తెగవలసినదే. ఆ కట్టుతో పాటు ఆ శ్రోతయు పోయెను.

నాగర్‌కర్నూలు జిల్లా లింగాల మండలము అవుసలికుంట గ్రామమునకు చెందిన దర్శనం మొగులయ్యగారు పండ్రెండు మెట్ల కిన్నెర వాయించుచు ఒక్కరే పాడుదురు. పేదల పక్షమున నిలిచిన పండుగ సాయన్న కథ ఆయన నోట మీలో కొందఱు వినియుందురు. 2021లో ఒక చలనచిత్రపు పాటకు ఆయన గొంతు ఎత్తుగడ యైనది. ఒక్క దినమున దేశమెల్ల ఆయన పేరు వినెను. 2022లో భారతప్రభుత్వము పద్మశ్రీ నిచ్చెను. రాష్ట్రప్రభుత్వము కోటి రూపాయలును ఇంటిస్థలమును ప్రకటించెను. 2024వ సంవత్సరమున ఆయన హైదరాబాదు చెంత కట్టడపు కూలిపని చేయుచున్నారని పత్రికలు వ్రాసినవి. అది చదివిన దినమున నాకు అన్నము సయింపలేదు. ధనమెటు పోయినదని లెక్కలడిగినవారు కొందఱు. ఇంటిలో పెండ్లిండ్లు, రోగములు ఉన్నవానికి ధనమెటు పోవునో పెద్దలకు నేను చెప్పవలెనా? నాకు తోచిన ప్రశ్న వేఱు. పద్మశ్రీ వచ్చిన పిమ్మట ఎన్ని ఊళ్లు ఆయనను పిలిచి, ఒక రాత్రి కూర్చుండి, సాయన్న కథ మొదలునుండి తుదివఱకు వినినవి? శాలువ కప్పిన సభలు పెక్కులై యుండవచ్చును. శాలువ కప్పుటకు అయిదు నిమిషములు చాలును. కథ వినుటకు రాత్రి కావలెను.

నారాయణపేట జిల్లా దామరగిద్దకు చెందిన దాసరి కొండప్పగారును అట్టివారే. బుఱ్ఱవీణపై తెలుగు కన్నడ తత్త్వములు పాడుదురు. 2024లో పద్మశ్రీ వచ్చెను. మా సీమవలెనే ఆ సీమయు రెండు భాషల సరిహద్దు. బుఱ్ఱవీణ చూచినవారు నేడు అరుదు.

ఈ పెద్దవారి ప్రక్కన నా మాట చెప్పుకొనుటకు సిగ్గగుచున్నది; అయినను నేను కన్నులార చూచినది చెప్పవలెను గదా. 2017లో ఒక ఊరి జాతరకు నన్ను పిలిచిరి. ఊరిపేరు చెప్పను. వారు సజ్జనులు; కారు పంపిరి; కాళ్లకు మ్రొక్కిరి. వేదిక ఇనుపకమ్ములతో రెండంతస్తుల యెత్తున కట్టిరి. ఇరుప్రక్కల మనిషికంటె పొడవైన శబ్దయంత్రములు పేర్చిరి. మొదట నాట్యప్రదర్శనము, పిదప నేను, నా పిదప డీజే. నాకు 10 నిమిషములు. ఏక్‌తారి ముందర ఒక మైకు, నోటి ముందర ఒక మైకు. తీగ మీటగానే ఆ బుఱ్ఱ రోద పిడుగువలె వినవచ్చెను. వెంటనే కీచుమని యొక కూత. మైకువాడు దానిని సవరించునప్పటికి రెండు నిమిషములు గడచెను. పల్లవి యెత్తితిని. వెలుతురు నా కన్నులలో పడుచుండుటచేత ఎదుట జనములున్నారో లేదో తెలియలేదు. చేతులలోని ఫోన్ల మినుకులు మాత్రము కనబడెను. చరణము ముగించి అలవాటు చొప్పున సందు విడిచితిని.

ఏమి జరిగెననుకొనెదరు? పంతులు పాట మఱచినాడని తలచి ఆ మైకు బాలుడు, పాపము నా మర్యాద కాపాడుటకు, ఒక సినిమా పాట పెట్టినాడు! జనమంతయు ఒక్కమారు ఈలలు వేసెను. నేనును నవ్వితిని. శాలువ కప్పిరి, వేయి రూపాయలిచ్చిరి, ఫొటో తీసిరి. ఎవ్వరును నన్నవమానింపలేదు. ఆ బాలుని తప్పేమియు లేదు. వానికి పాటలో మౌనమనగా చెడిపోయిన యంత్రము. మనము వానికి వేఱొకటి చూపలేదు.

దిగివచ్చి వేదిక వెనుక చాయ హోటలు బల్లమీద కూర్చుంటిని. అచ్చట బీదరువైపు గొఱ్ఱెలకాపరి యొకడును, మా ఊరివారిద్దఱును, ఆ హోటలు యజమానురాలును ఉండిరి. డీజే ఇంకను మొదలు కాలేదు. ఆ గొఱ్ఱెలకాపరి నా సంచి చూచి "తంబూరియా?" అని యడిగినాడు. అవునంటిని. ఒక తత్త్వము పాడితిని. సందులో ఆతడు "హౌదు" అనినాడు. ఇంతలో ఆ పెద్దయంత్రములు మొదలై బల్లమీది గ్లాసులు కదలసాగినవి. ఆ రాత్రి నాకు దక్కినది ఆ యొక్క "హౌదు". హోటలు తల్లి చాయకు డబ్బు పుచ్చుకొనలేదు.

అయినను యంత్రమునే నిందించుటకు నాకు మనసొప్పదు. యంత్రము ద్వారముననే గదా నేనిప్పుడు మీతో మాటలాడుచున్నాను. మా ఝరాసంగము మండలము మాచునూరులో పల్లెస్త్రీలు, దళితకుటుంబములవారు, తామే నడుపునట్లుగా సంఘం రేడియో 2008 అక్టోబరు 15న ఆరంభమైనది. చుట్టుప్రక్కల పల్లెలకు వినవచ్చునంత చిన్న కేంద్రము. విత్తనముల సంగతియు, వంటల సంగతియు, పండుగపాటయు తమ యాసలోనే తాము వినుకొనుట మా సీమలో కొత్త. అప్పటినుండి ఈ ప్రాంతమున రేడియో యన్న పెద్దవారి వస్తువు కాదను ధైర్యము కలిగెను.

ఆ దినములలోనే ఒక రేడియోవారు నన్ను పిలిచి నాలుగు తత్త్వములు ధ్వనిముద్రణ చేసిరి. గోడలకు మెత్తలు వేసిన గది. తలుపు వేయగానే నా ఊపిరి నాకు వినవచ్చెను. నేను పాడిన ప్రదేశములలో నింత యొంటరితనము మఱెచ్చటను ఎఱుగను. చరణము ముగిసినది. సందు విడిచితిని. అద్దము వెనుకనున్న ఆయన చేయి త్రిప్పి, ఆపకుము, పాడుమని సంజ్ఞ చేసెను. నేను సందు విడుచుట మానలేదు. తరువాత ఆయన, "ఈ ఖాళీలు కత్తిరించమందురా?" అని మర్యాదగా నడిగినాడు. కత్తిరింపవలదని బ్రతిమాలితిని. కారణము చెప్పిన నవ్వునేమో యని చెప్పలేదు.

అది 2009లో ప్రసారమయ్యెను. కొన్నాళ్లకు న్యాల్కల్ వైపు పోయినపుడు ఆ పెద్దయ్య ఇంటికి పోయితిని. 23 ఏండ్లుగా ఆయన ఏ ఊరిలో నా పాటయన్నను సైకిలు మీదనో ఎడ్లబండి మీదనో వచ్చి మొదటివరుసలో కూర్చుండెడివాడు. అప్పటికి మంచము పట్టియుండెను. నన్ను గుఱుతుపట్టుటకు కొంత సేపు పట్టెను. కోడలు గడపలో నిలుచుండి చెప్పినది: "సారూ, మొన్న రేడియోల మీ పాట వచ్చింది. మామ పండుకొనే ఉన్నడు. నడుమ నడుమ ఊఁ, ఊఁ అంటున్నడు. నేను నొప్పులేమో అనుకొని ఉరికొచ్చిన."

2010 వర్షాకాలమున ఆయన పోయినాడు. దినము ముందటిరాత్రి పాడుటకు నన్నే పిలిచిరి. చర్మము తడికి సడలి శ్రుతి నిలువలేదు. ఆ ఇంటి పొయ్యి దగ్గఱనే కాచుకొంటిని. ఆయన కూర్చుండెడి ఆ అరుగుమీద దీపము పెట్టిరి. మొదటి చరణము పాడి సందు విడిచితిని. ఎవ్వరును పలుకలేదు. దుఃఖములో నున్న ఇంటిలో ఎవ్వరు పలుకుదురు? రెండవ చరణమును పాడితిని. తెల్లవాఱువఱకు అట్లే పాడితిని. నా 30 ఏండ్ల పాటలో బదులు లేని సందులు అన్ని యుండినది ఆ రాత్రి యొక్కటియే. జాతరలోని ఆ 10 నిమిషములను లెక్కలో వేయను.

ఇప్పుడు నాకు గొంతు కొంత బొంగురు పోయినది. పై షడ్జము నందుకొనలేక తీగను ఒక మెట్టు దింపి కట్టుకొంటిని. ఈ మారు శివరాత్రికి ఝరాసంగము రమ్మని కొందఱు బాలురు వచ్చి యడిగిరి. వేదిక కట్టెదమనిరి. వేదిక వలదు, మైకు వలదు, ధర్మశాల వసారాలో గోడకానుకొని మూడవ జామున పాడెదను, ఒక చాప చాలునంటిని. జనము రారేమో సారూ యనిరి. జనము వలదు, నలుగురు చాలునంటిని. ఆ నలుగురిని నేనే పిలుచుకొందునని మాట యిచ్చి వారిని పంపితిని.

కనుక ఈ ప్రసంగము వినుచున్న పెద్దలలో ఎవరికైనను ఆ రాత్రి కాళ్లు సాగినచో రండు. చెవులు మందగించినవారైనను చింతలేదు, దగ్గఱగా కూర్చుండవచ్చును. కంబళి మఱవకుడు, గుండము వైపునుండి చలిగాలి వీచును. నేను చరణము ముగించి ఊరకుండినపుడు పాట మఱచినాననుకొనకుడు.